లైన్ నియోజకవర్గం: ప్రతినిధి ధర్మం
ఓటరు కోరిక, అంతరాత్మ వేరైనప్పుడు ప్రజాప్రతినిధి దేనికి కట్టుబడాలన్న ధర్మసందేహానికి ఆస్ట్రేలియాలోని లైన్ నియోజకవర్గం మంచి ఉదాహరణ. న్యూ సౌత్ వేల్స్ తీరంలో టారీ పట్టణమూ పాడి పల్లెలూ ఉన్న ఈ స్థానం 1949లో ఏర్పడింది. 2008 దాకా కంట్రీ పార్టీ, పేరు మారి నేషనల్స్ అయిన అదే పార్టీ దాన్ని నిలుపుకుంది. ఆ ఏడాది ఉపఎన్నికలో స్వతంత్ర అభ్యర్థి రాబ్ ఓక్‌షాట్ గెలిచారు. 2010లో పార్లమెంటులో ఎవరికీ మెజారిటీ రానప్పుడు ఆయన లేబర్ నాయకురాలు జూలియా గిలార్డ్‌కు మద్దతిచ్చారు. సంప్రదాయవాద ఓటర్లు చాలామంది మండిపడ్డారు.

ప్రతినిధి తన వివేకాన్ని ఓటర్ల అభిప్రాయానికి బలిచేయరాదని బ్రిటన్ రాజనీతిజ్ఞుడు ఎడ్మండ్ బర్క్ 1774లో బ్రిస్టల్‌లో వాదించారు. ఓక్‌షాట్‌కు ఆ వాదం మరింత వర్తిస్తుంది: పార్టీ లేని మనిషిని ఎన్నుకోవడమంటే అతని వివేకాన్ని ఎన్నుకోవడమే. ఆయన 2013లో పోటీచేయలేదు. స్థానం తిరిగి నేషనల్స్‌కు దక్కింది.