కనిపించని శిష్యుడి మంచిచెడ్డలు

ఏకలవ్యుడి కథ ఎవరు చెప్పినా బొటనవేలి దగ్గరే ఆగుతారు. దానికి ముందు జరిగిందీ ఆలోచించదగ్గదే. మట్టిబొమ్మ ముందు ఆ కుర్రవాడు ఎన్నాళ్లు సాధన చేశాడో, ఎక్కడ తడబడ్డాడో ద్రోణుడికి తెలియదు. అర్జునుడు వచ్చి మొర పెట్టుకున్నాక గానీ గురువు అడవిదారి పట్టలేదు. అప్పుడైనా పాఠం చెప్పలేదు, దక్షిణ అడిగాడు.

కంటికి కనిపించని శిష్యుడికి గురువు ఏమైనా బాకీ పడతాడా? ద్రోణుడి తరఫున ఒక వాదన ఉంది: ఆయన ఏకలవ్యుణ్ని శిష్యుడిగా చేర్చుకోనేలేదు. ఆన్‌లైన్ విశ్వవిద్యాలయానికి ఆ వాదన చెల్లదు. అది అడ్మిషన్ ఇచ్చింది, ఫీజు కట్టించుకుంది, ఎన్‌రోల్‌మెంట్ నంబరు కేటాయించింది. వీడియో పాఠాలూ పీడీఎఫ్‌లూ అందించాక దాని బాధ్యత తీరినట్టేనా అన్నది చూడటానికి పరిపాలన వ్యవహారంలా ఉన్నా, నిజానికి ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి ఈ ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. ఆచార్యుడు ముందు, శిష్యుడు తర్వాత, వాళ్లిద్దరూ కలిసేచోట విద్య. ఆ కలయికను సాధించేది బోధన. ఈ లెక్కన గురువు రికార్డు చేసిన పాఠం ఎంత గొప్పదైనా, అవతలి కొస శిష్యుణ్ని చేరేదాకా విద్య ఇంకా పుట్టలేదు. ఆ కొస ఎక్కడ తెగిందో చూసుకోవాల్సింది ఎవరు?

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. ఇవాళ అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి, 1985లో ఇగ్నో ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. ఆ తొలి విశ్వవిద్యాలయంలో ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. తెలుగులో పాఠ్యపుస్తకాలు ఇచ్చి, ఇంట్లో చదువుకోండి అని వదిలేయవచ్చు. అలా వదల్లేదు. ఊళ్లలోని కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టి ఆదివారాలు తరగతులు నడిపారు. డ్యూటీ మార్చుకుని వచ్చిన కండక్టరూ, వంట ముగించుకుని వచ్చిన గృహిణీ ఒకే బెంచీ మీద కూర్చునే తరగతులవి. పాఠం ఎంత అర్థమయ్యేదో గానీ, బెల్లు కొట్టాక గుమ్మం దగ్గర ‘పోయినవారం రాలేదేంటమ్మా’ అని అడిగే లెక్చరర్ ఉండేవారు. ఆ ఒక్క మాటలో విద్యార్థి సహాయ సేవ మొత్తం ఉంది.

ఆన్‌లైన్ చదువులో ఆ గుమ్మం లేదు. రాత్రి పదకొండు దాటాక, పిల్లలు నిద్రపోయాక ఒక తల్లి ఫోన్లో అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయబోతే ఫైల్ సైజు ఎక్కువైందంటుంది పోర్టల్. తగ్గించి పంపేసరికి సెషన్ ముగిసిందంటుంది. హెల్ప్‌డెస్క్‌కు రాస్తే క్షణంలో టికెట్ నంబరు వస్తుంది. మనిషి జవాబు రెండు రోజుల తర్వాత వస్తుంది, గడువు ఆ అర్ధరాత్రితోనే పోతుంది.

అమెరికన్ తత్త్వవేత్త నెల్ నాడింగ్స్ ఒకప్పుడు లెక్కల టీచరు. 1984లో వెలువడిన ‘కేరింగ్’ పుస్తకంలో ఆమె ఆదరణ గురించి గట్టి షరతు పెట్టారు: ఇచ్చేవాళ్లు ఇచ్చామనుకుంటే చాలదు, అది తనకు అందిందని అవతలివాళ్లు గుర్తించినప్పుడే ఆ సంబంధం పూర్తవుతుంది. ఈ షరతుతో ఏ యూనివర్సిటీ వెబ్‌సైట్‌నైనా చూడవచ్చు. కౌన్సెలింగ్, లైబ్రరీ, టెక్నికల్ సపోర్ట్, దివ్యాంగులకు ప్రత్యేక సదుపాయాలు అన్నీ వరసగా ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 కూడా ఉండవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, మంచి సేవ. కానీ కుంగిపోయిన విద్యార్థికి అన్నిటికన్నా కష్టమైన పని ఆ నంబరు నొక్కడమే. అడిగినవాళ్లకే సాయం అనే పద్ధతిలో, అడిగే ధైర్యం ఉన్నవాళ్లే బాగుపడతారు. మొదటి తరం చదువరికి ఆ ధైర్యం ఎక్కడిది?

అయితే ఈ సాయం యంత్రం చేయకూడదా? జార్జియా టెక్ ఆన్‌లైన్ మాస్టర్స్ కోర్సులో 2016లో ప్రొఫెసర్ అశోక్ గోయల్ ‘జిల్ వాట్సన్’ పేరుతో ఒక కృత్రిమ మేధ సహాయకురాలిని ప్రవేశపెట్టారు. విద్యార్థుల ప్రశ్నలకు ఆమె జవాబులిచ్చింది. ఆమె మనిషి కాదని సెమిస్టర్ చివరిదాకా వాళ్లకు చెప్పలేదు. గడువు ఎప్పుడు, ఫైల్ ఏ ఫార్మాట్‌లో పంపాలి లాంటివాటికి యంత్రం మేలే. అర్ధరాత్రి ఆ తల్లికి కావలసింది అదే. చెప్పకుండా పెట్టడం మాత్రం, ఎంత సదుద్దేశంతో చేసినా, సరికాదు. ఎదుట ఉన్నది ఎవరో తెలుసుకునే హక్కు శిష్యుడిది.

కనిపించని విద్యార్థిని వెతకడానికీ నిఘాకీ మధ్య గీత కూడా సన్ననిదే. ఎవరు లాగిన్ అయ్యారు, ఎన్ని నిమిషాలు ఉన్నారు, ఏ పేజీ దగ్గర ఆగారు అన్నీ సర్వర్‌కు తెలుస్తాయి. 1971లో తొలి విద్యార్థులను చేర్చుకున్న బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ, ఈ సమాచారం వాడకంపై 2014లో ఒక నైతిక విధానం ప్రకటించింది. కనిపించే డేటాను బట్టే విద్యార్థి ఇంతేనని తేల్చేయకూడదన్నది అందులో ఒక సూత్రం. నిజమే, మూడు వారాలు లాగిన్ కాని మనిషి బద్ధకస్తుడు కావచ్చు, ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కన ఉండి ఉండవచ్చు. ఆ తేడా డాష్‌బోర్డు మీది ఎర్ర గుర్తు చెప్పదు. ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఆ ఫోన్ చేసేది ఎవరన్నది చివరికి డబ్బు ప్రశ్న అవుతుంది. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో విద్యార్థులు రాసిన అసైన్‌మెంట్లు చదివి, పక్కన వ్యాఖ్య రాసేది అసోసియేట్ లెక్చరర్లు. ఏ మాడ్యూల్‌కు ఆ మాడ్యూల్‌గా ఉండే వాళ్ల ఒప్పందాలు 2022లో గానీ శాశ్వత ఉద్యోగాలుగా మారలేదు. మన దగ్గర స్టడీ సెంటర్ కౌన్సెలర్లకు ఇప్పటికీ సెషన్ లెక్కన ఇస్తారు. రాని విద్యార్థికి చేసిన కాల్ ఏ సెషన్ కిందకూ రాదు. కొందరు సొంత ఫోన్ నుంచి, సొంత సమయంలో చేస్తూనే ఉన్నారు. సర్వర్లకూ స్టూడియోలకూ పద్దు రాసే బడ్జెట్‌లో, ట్యూటర్‌కు వారానికి కొన్ని గంటలు కేవలం ఈ పనికే జీతం ఇచ్చే పద్దు ఒకటి చేర్చాలి.