దానమా? ఋణవిమోచనమా?

పద్మావతీ పరిణయమునకై శ్రీనివాసుడు కుబేరుని వద్ద ధనమును ఋణముగా గైకొని పత్రము వ్రాసియిచ్చెనని భక్తులందరకును తెలియును. మనము హుండీలో వేయు కానుక ఆ ఋణమునకు వడ్డీయని పెద్దలు చెప్పుదురు. సర్వలోకాధీశుడు తాను ఋణస్థుడనని ఒప్పుకొనుటకు సంకోచింపలేదు. నేటి ధనికరాజ్యములు ఆ ఒక్క మాట వద్దనే వెనుదీయుచున్నవి.

పసిఫిక్ మహాసముద్రమున తువాలు అను చిన్న రాజ్యము కలదు. తొమ్మిది దీవులు, సుమారు 10 వేల ప్రజ. నేల ఎచ్చటను సముద్రమట్టమునకు 5 మీటర్లు మించి లేవదు. అచ్చటివారు పగడపు నేలలో గోతులు త్రవ్వి, అడుగున ఊరు మంచినీటి ఆధారమున పులక యను దుంపను పెంచుకొందురు. అది మన చేమదుంపకు చుట్టము. ఇప్పుడు ఆ గోతులలోనికి ఉప్పునీరు చొచ్చుచున్నది, దుంప చెడుచున్నది. బొగ్గును, చమురును కాల్చుటచే భూమి వేడెక్కి, సముద్రజలము వ్యాకోచించుటయు, మంచు కరుగుటయు ఇందులకు కారణములు. లోకము వదలు ఆ పొగలో చిన్న దీవులన్నింటి పాలు నూటికి ఒక వంతైనను లేదు.

ఈ నష్టములకై ఒక నిధి 2022లో ఈజిప్టు సదస్సున నిర్ణయింపబడినది. 2023లో దుబాయి సదస్సున దానికి సుమారు 70 కోట్ల డాలర్ల వాగ్దానములు వచ్చెను. కాని 2015 పారిస్ సదస్సుననే, నష్టమును గూర్చిన ఒప్పందభాగము బాధ్యతకుగాని పరిహారమునకుగాని ఆధారము కాదని వ్రాయించుకొనిరి. ఇచ్చునది ఇష్టపూర్వకమట, అనగా దానమట!

తన స్వత్వమును విడిచి పరునకు స్వత్వమును కలిగించుట దానము. పరుని నష్టపరచినందులకు తీర్పవలసిన సొమ్ముకు ఆ పేరు చెల్లదు. అట్టి సొమ్ము నిచ్చుటలో దానఫలము లేదు, ఇయ్యకున్న దోషము మాత్రము కలదు. పైగా వాతావరణసహాయమను పేర వర్ధమానదేశములకు ప్రభుత్వములు ఇచ్చు ధనములో అధికభాగము అప్పుగానే ఇయ్యబడుచున్నది. బాకీపడినవాడే అప్పిచ్చువాడగుట ఏ స్మృతియందును కానము.

"మా పూర్వులు తెలియక చేసిరి" అందురు. తెలియక చేసినదానికి ప్రాయశ్చిత్తము స్వల్పమని మన శాస్త్రములును ఒప్పును. అయినను 1990లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞసంఘము తొలి నివేదికను ప్రకటించిన పిమ్మట తెలియదను మాటకు చోటేది? ఇక పూర్వుల సంగతి. రిక్థమును గ్రహించినవాడు ఋణమును తీర్పవలెనని యాజ్ఞవల్క్యస్మృతి నిర్ణయము. తండ్రి త్రాగుటకును, జూదమునకును చేసిన అప్పు కొడుకునకు అంటదని మినహాయింపు కూడ కలదు (ఇది వినినప్పుడు కొందరు కుమారుల ముఖములు వికసించును). ఈ పొగవలన వచ్చిన సంపద జూదమున పోలేదు. కర్మాగారములై, రహదారులై మనుమల చేతిలోనే యున్నది. మన దేశమును బొగ్గు కాల్చుచున్నది గనుక మన పాలు మనమును లెక్కించుకొనవలెను.

2025 జూలైలో హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము, వాతావరణమును కాపాడుట రాజ్యములకు విధియనియు, తప్పినచో నష్టమును పూరింపవలసి రావచ్చుననియు అభిప్రాయము తెలిపినది. తువాలువారు తమ భూమి మునిగినను రాజ్యము శాశ్వతముగ నిలుచునని 2023లోనే రాజ్యాంగమున వ్రాసికొనియున్నారు. కనుక పుచ్చుకొనవలసినవారు లేరను మాట రేపును చెల్లదు.