ఎక్కని టికెట్టు

2024 జనవరిలో ఒక పొద్దున బాపు వాట్సాప్‌లో రైలు టికెట్టు ఫొటో పంపాడు. నెక్కొండ నుంచి ఖమ్మం. ఫోన్ చేసి "ఖమ్మంల ఏం పని బాపూ?" అని అడిగాను.

"నేనేడికి పోత బిడ్డా. ఊకెనే కొన్న. బండి ఆగాలె గద" అన్నాడు.

ఆ సంగతి అప్పుడే పేపర్లలో కూడా వచ్చింది. సికింద్రాబాద్-గుంటూరు ఇంటర్‌సిటీకి నెక్కొండలో తాత్కాలికంగా హాల్టు ఇచ్చిన రైల్వే, మూడు నెలల్లో తగినంత ఆదాయం కనిపిస్తేనే దాన్ని ఉంచుతామంది. నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లకి రైలంటే నెక్కొండే. ఆదాయం లేదని అంతకుముందే ఒక బండి హాల్టు పోయింది కాబట్టి జనం ఈసారి ఊరుకోలేదు. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. నాలుగు వందల మంది దాకా చేరారు. పాతికవేలు పోగేసి రోజూ టికెట్లు కొనడం మొదలుపెట్టారు. రైలెక్కడానికి కాదు, ఉత్తగా కొనడానికి.

నేను గట్టిగా నవ్వాను. బాపు కూడా నవ్వాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు ఆగిపోయింది. సరిగ్గా నెల కింద నేనూ అదే పని చేశాను కాబట్టి.

నేను కన్సల్టెంట్‌ని. సోమవారం తెల్లారగట్ల శంషాబాద్ నుంచి క్లయింట్ ఊరికి పోవడం, గురువారం రాత్రి తిరిగి రావడం. ఏడేళ్లుగా ఇదే బతుకు. ఈ తిరుగుడికి కూలీగా ఎయిర్‌లైన్ ఒక కార్డు ఇచ్చింది. ఆ కార్డు ఉంటే చెకిన్ దగ్గర వేరే లైను, లాంజ్‌లో ఉప్మా, ముందు క్యాబిన్‌లో సీటు మిగిలితే అప్‌గ్రేడ్. 2023లో నా ప్రాజెక్టు హైదరాబాద్‌లోనే పడింది. డిసెంబర్ వచ్చేసరికి కార్డు నిలబడాలంటే ఇంకా రెండు ప్రయాణాలు తక్కువ. ఒక శనివారం నా జేబులోంచే డబ్బు పెట్టి బెంగళూరు పోయాను. ఎయిర్‌పోర్టులోనే దోసె తిని, తర్వాతి ఫ్లైట్‌కి వెనక్కి వచ్చాను. మా వృత్తిలో దీన్ని మైలేజ్ రన్ అంటారు, ఎవరూ సిగ్గుపడరు. ఇంట్లో మాత్రం ఆఫీసు పనని చెప్పాను. అబద్ధం ఎందుకు చెప్పాల్సొచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

ఈ పాయింట్ల వ్యవహారం మరీ పాతదేం కాదు. అమెరికాలో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు తీసేశాక, 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టిన పథకం చూసి మిగతావాళ్లు వరస కట్టారు. దాని కిటుకంతా ఒక్క చోట ఉంది: టికెట్టు డబ్బు కట్టేది ఒకరు, బహుమతి అందుకునేది ఇంకొకరు. నా టికెట్లకి కట్టేది క్లయింట్. పాయింట్లు నావి. జర్మనీలో 2002లో ఇదే పెద్ద గొడవైంది. పార్లమెంటు పనిమీద తిరిగి సంపాదించిన మైళ్లని సొంత ప్రయాణాలకి వాడుకున్నందుకు గ్రెగోర్ గీజి బెర్లిన్ ప్రభుత్వంలో మంత్రి పదవి వదులుకున్నాడు. మన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి కూడా రూలుంది, పనిమీద వచ్చిన పాయింట్లు పనికే వాడాలని. మాకలాంటి రూలేమీ లేదు. పైగా దాన్ని ఉద్యోగంలో ఒక సౌకర్యంగా చెప్పుకుంటాం. క్లయింట్‌కి ఖర్చులు తగ్గించుకోమని స్లయిడ్లు తయారుచేసేదీ మేమే.

అప్‌గ్రేడ్ మొత్తం బూటకం అనను. రాత్రంతా ఎగిరే ఫ్లైట్‌లో కాళ్లు చాపుకుని పడుకోగలగడం నిజమైన సుఖం. నా వెన్నునొప్పి అబద్ధం కాదు. కానీ గంటన్నర కూడా పట్టని బెంగళూరు ఫ్లైట్‌లో నడుం వాల్చేదేముంది? అక్కడ నాకు నచ్చేది సీటు కాదు. నేను ముందే కూర్చుని నీళ్లో, జ్యూసో తాగుతుంటే వెనక సీట్లకి పోయే జనం నన్ను దాటుకుంటూ వెళ్లడం. ఫ్రెడ్ హిర్ష్ అనే ఆర్థికవేత్త 1976లో రాసిన పుస్తకంలో ఇలాంటి సరుకుల గురించి చెప్పాడు, అందరికీ దొరికిన రోజున వాటి విలువ పోతుందని. అందరికీ గోల్డ్ కార్డు ఇస్తే నాది నేను చించి పారేస్తాను. ఇది రాయడం అంత హాయిగా లేదు.

దీన్ని ఇంకా హాయి లేకుండా చేసే సంగతి ఒకటుంది. అంతకు రెండేళ్ల ముందు బాపుని ఢిల్లీలో ఉన్న అక్క దగ్గరికి తీసుకుపోయాను. ఆయనకి అదే మొదటి విమానం. అమ్మ పోయాక ఇల్లు కదలనివాడు, అక్క బతిమిలాడితే ఒప్పుకున్నాడు. పక్కపక్కనే సీట్లు తీసుకున్నాను, ఆయనకి కిటికీ. గేటు దగ్గర నా బోర్డింగ్ పాస్ స్కాన్ చేస్తే మెషీన్ బీప్ అంది, కొత్త సీటు కాగితం చేతిలో పెట్టారు. ముందు క్యాబిన్. ఒక్కటే. మా నాన్నకి ఇవ్వొచ్చా అని అడిగాను. కుదరదండీ, కార్డు మీ పేరు మీదుంది అంది ఆ అమ్మాయి, మర్యాదగానే. వద్దని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. బాపే "నువ్వు పో బిడ్డా, నాకు ఈడ మంచిగనే ఉంటది" అన్నాడు.

పోయాను.

రెండు గంటలు. మధ్యలో పరదా. ఒకసారి లేచిపోయి చూద్దామనుకున్నాను, అన్నం ప్లేటు వచ్చింది. ఢిల్లీలో దిగాక చూస్తే బాపు పెదాలు ఎండిపోయి ఉన్నాయి. దేనికి ఎంత డబ్బు తీసుకుంటారో తెలియక నీళ్లు కూడా అడగలేదట. బెల్టు తీయడం పక్కనున్న ఆడమనిషి చూపించిందట. "మంచిగనే అయింది" అన్నాడు, ట్యాక్సీలో. "నువ్వు ముందు కూసుంటే జెప్పన ఆడికి చేరినవా?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు.

మనం అలవాటుగా, ఆయనే పొమ్మన్నాడు కదా అని సర్దిచెప్పుకుంటాం. మన ఇళ్లల్లో తల్లిదండ్రులు వద్దనడం వాళ్లకి అలవాటు. ఆ వద్దుని నిజంగా వద్దు అనుకోవడం మనకి వీలు. ముద్ద తక్కువైనప్పుడు ఆకలి లేదనే అమ్మ మాటని నమ్మినట్టే. నమ్మామా, నమ్మినట్టు నటించామా అన్నది మనకి తెలుసు.

రైల్వేలోనూ అప్‌గ్రేడ్ ఉంది. పై తరగతిలో బెర్తులు మిగిలితే, పూర్తి ఛార్జీ కట్టి సరే అన్నవాళ్లని కంప్యూటరే పైకి మారుస్తుంది. నువ్వెవరు, ఏడాదికెన్నిసార్లు తిరిగావు అని అడగదు. ఇంకో రూలుంది, నాకు తర్వాతెప్పుడో తెలిసింది: ఒక పీఎన్నార్‌లో ఎంతమంది ఉంటే అంతమందినీ మారుస్తారు, లేకపోతే ఎవర్నీ మార్చరు. అమ్మా బాపూ తిరుపతికి స్లీపర్‌లో టికెట్లు తీసుకుంటే ఒకసారి థర్డ్ ఏసీ వచ్చింది. దుప్పట్లు తెల్లగున్నయని అమ్మ చాలా రోజులు చెప్పింది. ఆ రూలు రాసినాయన ఏ ఉద్దేశంతో రాశాడో గానీ, అమ్మని పైకి పంపి బాపుని కింద వదిలేసే అవకాశం మాత్రం ఉంచలేదు. విమానంలో నేనూ బాపూ ఉన్నదీ ఒకే పీఎన్నార్‌లోనే.

మళ్లీ నెక్కొండ టికెట్లకి వస్తాను. అది మోసం కాదా అని ఒక స్నేహితుడు అడిగాడు. ప్రయాణికులు లేకుండానే ఉన్నట్టు చూపించడమే కదా అని. కాదనడం కష్టమే. ఆ మాటకొస్తే నాదే నిజాయితీ, నేను నిజంగా ఎక్కి, నిజంగా దిగాను. కానీ రైల్వే వాళ్లని అడిగింది మీరు ఎక్కడికి పోతారు, ఎందుకు పోతారు అని కాదు. డబ్బెంత అని అడిగింది. ఆస్పత్రికి పోవాల్సిన ముసలాయన అవసరం నెలకొక్కసారే ఉండొచ్చు, ఆ ఒక్కసారికీ బండి ఆగాలి. అది లెక్కలో పడదు. పడే భాషలోనే వాళ్లు జవాబు చెప్పారు.

ఆ భాష నాకు బాగా వచ్చు. తిండి పెట్టేదే అది. ఒక కంపెనీకి మేం చేసిన పనిలో, ఆదాయం ఒక గీత కింద ఉన్న బ్రాంచీలన్నిటికీ ఎర్రరంగు వేశాం, చాలావరకు చిన్న ఊళ్లే. ఆ ఎక్సెల్ షీటు చేసింది నేనే, ఒక్క ఊరు కూడా చూడకుండా. రైల్వే పని మాకొచ్చి ఉంటే నెక్కొండకి నేనే ఎర్రరంగు వేసేవాణ్ణి. పేరు చూసి ఆగేవాణ్ణేమో. ఆగితే అది ఇంకో రకం అప్‌గ్రేడ్.

రెండు టికెట్లకీ తేడా వెతుకుతుంటే నాకు దొరికింది ఇంతే. బాపు కొన్న టికెట్టు వల్ల బండి ఆగితే, గ్రూపులో రూపాయి వేయనివాడూ ఎక్కొచ్చు, గ్రూపుని చూసి నవ్వినవాడు కూడా. నేను కొన్న టికెట్టు నా ఒక్కడికి, అదీ మా బాపు పక్కన ఉన్నప్పుడు కూడా నా ఒక్కడికే.

తర్వాత ఇంటికి పోయినప్పుడు పాయింట్ల సంగతి, బెంగళూరు సంగతి బాపుకి చెప్పేశాను. తిట్టలేదు. కాసేపు ఆలోచించి "గా పాయింట్లతోని మన ఇంటర్‌సిటీకి ఒక పది టికెట్లు తియ్యొస్తదా?" అన్నాడు. రాదన్నాను. సరే అని గ్రూపులో ఆ రోజు ఎన్ని టికెట్లు కొన్నారో చూసుకోవడానికి కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్లో నిలబడి ఎక్కేవాళ్లని, దిగేవాళ్లని లెక్కపెట్టాను. వృత్తి అలవాటు. మధ్యలో లెక్క తప్పింది, ఒకావిడ బియ్యం మూట అందించమంటే అందిస్తూ.

కార్డు ఈ ఏడాది కూడా అయిపోవస్తోంది. మూడు ప్రయాణాలు తక్కువున్నాయని మెయిల్ వచ్చింది. దాన్ని ఇంకా డిలీట్ చేయలేదు.