ప్రవాసి గదికి వచ్చిన మిత్రుడు

ఇంటికి వచ్చినవానికి అన్నోదకముల నొసగుట గృహస్థుని ధర్మమని స్మృతులన్నియు ఘోషించుచున్నవి. కాని తనది కాని దేశమున, తనది కాని కప్పు క్రింద, మరియొకని యనుమతిపై దినములు గడపువానికి ఆ ధర్మము వర్తించునా, వర్తించినచో అతడు దానిని దేనితో నెరవేర్చవలెను అను ప్రశ్న అంత సులభముగా తెగునది కాదు.

అనంతపురపు మెట్టసీమవారికి ఈ ప్రశ్న కేవలము గ్రంథములలోనిది కాదు. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగింపగా, ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చులోపల తన తేమను దారిలోనే జారవిడువగా, ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వానను చూచు ఈ పీఠభూమిని, దేశమున జైసల్మేరు తరువాత లెక్కింపదగిన కరువునేలయని బడిపిల్లలు సైతము వల్లింతురు. ఇచట వచ్చినవానికి మొదట అందించునది చెంబెడు నీళ్లు. కృష్ణా గోదావరీ తీరములందు ఆ చెంబు మర్యాద; ఇచట అది మర్యాదయు, వ్యయమును. బిందెలను వరుసలో పెట్టి ట్యాంకరుకై ఎదురుచూచిన యిల్లాలు ఆ చెంబును నింపునపుడు ఏమి ఇచ్చుచున్నదో వచ్చినవానికిని తెలియును. కరువులో అధికమాసమని చుట్టపుచూపును నిందించు సామెత ఇచటివారి నోట నున్నమాట నిజమే. అయినను ఆ సామెత చెప్పిన నోటితోనే వచ్చినవానిని కూర్చుండుమని, సంగటి తినక పోరాదని పట్టుపట్టుదురు.

చెనిక్కాయ పంట ఏటికేడు ఎండి, బోరులు అడుగంటి, అప్పు వడ్డీతో పెరిగినప్పుడు ఈ సీమవారు కదలిపోవు దారులలో కువైటు దారి యొకటి. 2022లో జిల్లా రెండుగా చీలి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినను, దాని చుట్టుపట్ల పల్లెలనుండి కువైటునకు పోవువారి దారి మారలేదు. ఆడువారు ఇంటిపనికి, మగవారు ఎక్కువగా డ్రైవరు పనికి, 20వ నంబరు వీసాపై పోదురు. ఆ డ్రైవరు స్థితిని చూడుడు. అతని నివాసానుమతి కఫీలుకు, అనగా పూచీపడిన యజమానికి, కట్టుబడి యుండును. అతని గది యజమాని ప్రహరిలోపల గేటు ప్రక్కనో మేడపైనో ఉండును. గది తాళముచెవి అతనిదే యైనను గేటు అతనిది కాదు. శుక్రవారము సెలవు దొరికినచో కువైటు నగరమున మాలియాలో బస్సు దిగి ఊరివారిని కలిసి, ఇంటికి డబ్బు పంపి, మరల ఆ గదికే చేరును. అట్టివానిని చూచుటకు, ఒకే బడిలో చదివి ఒకే బావిలో ఈదిన మిత్రుడు, ఇప్పుడు అదే దేశమున ఎడారి అంచున గొఱ్ఱెలు కాయుచున్నవాడు, నెలల తరువాత ఒక శుక్రవారము వత్తునని ఫోను చేసినచో, “మా బాబాను అడిగి చెప్తాలే రా” అనవలసిన యీ మనుష్యుడు ఆతిథ్యమున కధికారి యగునా?

అధికారమను దానిని గూర్చి మీమాంసకులు మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. జైమిని తన సూత్రముల ఆరవ అధ్యాయమున ధనహీనునికి యాగాధికారము కలదా యని ప్రశ్నించి, ధనము మనుష్యుని సహజలక్షణము కాదు, అది వచ్చును పోవును, ఆర్జింపవచ్చును, కావున లేమి అధికారమును తొలగింపజాలదని తేల్చెను. ఈ న్యాయమును ఇంటికిని వర్తింపజేయవచ్చునని నా మతము. ఇల్లు కూడ వచ్చి పోవునదియే. పూర్వము ఆహితాగ్ని ప్రవాసమునకు పోవునపుడు తన యగ్నులకు చెప్పి పోయెడివాడు, తిరిగి వచ్చి వానిని మరల సేవించెడివాడు; నడుమ ఇంటియందు భార్య వానిని కనిపెట్టుకొని యుండెడిది. నేడు కదిరి పల్లెలలో భర్త కువైటులో నుండగా పండుగకు వచ్చిన బంధువులకు ఓళిగలు చేసి పెట్టు ఇల్లాలు చేయుచున్నదియు ఇంచుమించుగా ఇదియే. అయినను ఒక చిక్కు మిగిలియే యున్నది. బంధువు ఇంటికి వచ్చును, మిత్రుడు మనుష్యునికొరకు వచ్చును. ఆ మనుష్యుడు సముద్రముల కావల నుండగా ఇల్లాలు పెట్టిన యోళిగ ఆ లోటును తీర్చలేదు.

భారతము ఈ చిక్కును ఎరుగును. అరణ్యమునకు వెడలిన ధర్మజుని వెంటనే బాధించినది పోయిన రాజ్యము కాదు. తన్ను విడువక వెంటవచ్చిన బ్రాహ్మణులకు అన్నము పెట్టు వెరవు లేకుండుట. ధౌమ్యుని యుపదేశముచే సూర్యుని స్తుతించి అతడు తామ్రపాత్రమును పొందెను. ద్రౌపది భుజించువరకు దానిలో అన్నము తరుగదు, ఆమె భుజించిన పిదప నాటికి అది రిక్తము. ఆమె భుజించి పాత్రను కడిగిన వేళకే, దుర్యోధనుని ప్రేరణచే, దుర్వాసుడు పదివేల శిష్యులతో వచ్చి, అన్నము సిద్ధము చేయించుమని స్నానమునకు పోయెను. ఆమె కృష్ణుని తలచెను. కృష్ణుడు వచ్చి మొదట అడిగినది తనకు ఆకలి యగుచున్నదని, అన్నము పెట్టుమని.

ఈ కథ పుణ్యపత్తనమున, అనగా పూణేలో, పరిష్కరింపబడిన భారతమున మూలమునకు ఎక్కలేదు. పండితులు దీనిని ప్రక్షిప్తమందురు. కానిండు. ఎవడో అజ్ఞాతుడు దీనిని చేర్చినచో అతడు పరదేశపు బ్రతుకును ఎరిగినవాడే. పాత్ర అంచున అంటిన శాకశేషమును కృష్ణుడు నోట వేసికొనగా లోకమంతయు తృప్తి చెందెననియు, ఏటిలో నున్న మునులు కడుపునిండి పలాయనము చిత్తగించిరనియు చెప్పు అద్భుతముపై పురాణములు చెప్పువారు ఎక్కువ సేపు నిలుతురు. నాకు ఆ అద్భుతముకంటె ఆ యడుగుట గొప్పదిగా తోచును. లోకమును తృప్తిపరుపగలవాడు ద్రౌపదిని అడుగకయే ఆ పని చేసి పోవచ్చును. అట్లు చేసినచో ఆమె రక్షింపబడిన యనాథగా మిగిలియుండెడిది. అతడు అడిగెను, ఆమె సిగ్గుపడి లేదనెను, ఇది పరిహాసమునకు వేళ కాదు, పాత్రను తెమ్మని అతడు మరల అడిగెను. ఆ రెండవ యడుగుటతో ఆమె అడవిలో సైతము గృహిణి యయ్యెను.

ఇబ్రాహీము చరిత్రయందు దీనికి ఎదురైన ఘట్టము కలదు. దైవమునకు మిత్రుడని, ఖలీలని పేరొందిన ఆ మహనీయుడును తన పుట్టిన దేశమును విడిచి పరదేశమున నివసించినవాడే. అపరిచితులు వచ్చినపుడు కాల్చిన దూడమాంసమును తెచ్చి ముందుంచగా, వారి చేతులు దానివైపు సాగకుండుట చూచి అతడు భయపడెనని ఖురాను చెప్పుచున్నది. వారు దేవదూతలని పిదప తెలిసెను. గూగూడు మొహర్రమునకు హిందువులును ముసల్మానులును కలిసి పోవు సీమవారికి ఈ కథ పరాయిది కాదు. తినని యతిథి ఏల భయము పుట్టించునో ఇచటి ముదుసలులను అడిగినను చెప్పుదురు: తినక పోయినవాడు మనసులో ఏదో పెట్టుకొని పోయినాడని. గుహుడు తెచ్చిన భక్ష్యములను వ్రతమునకై రాముడు స్వీకరింపక, తన గుఱ్ఱములకు మేత చాలునని అడిగినాడు. తిననివాడును ఏదో యొకటి అడిగియే తీరవలెనని ఆయనకు తెలియును.

మదనపల్లెలో ఈ అడుగుట యను విషయమే మరియొక రీతిని నడచెను. బెల్ఫాస్టున 1873లో జన్మించి, అనీ బిసెంటు పిలుపుపై 1915లో మన దేశమునకు వచ్చిన జేమ్సు కజిన్సు అచటి దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడై యుండగా, 1919 ఫిబ్రవరి కడపట రవీంద్రుడు ఆయన యతిథిగా వచ్చెను. ఐర్లండువాడు ఇచ్చువాడు, వంగదేశీయుడు పుచ్చుకొనువాడు. తెలుగునేలకు ఇరువురును పరాయివారే. కాని అచట అడిగినవారు అతిథికంటె గృహస్థులే. రవీంద్రుడు విద్యార్థుల ముందు జనగణమన పాడెను, దానిని అచటనే ఆంగ్లమున వ్రాసి ఇచ్చెను, మార్గరెటు కజిన్సు స్వరము వ్రాసికొనెను. ఘనమైన చరిత్రయే. అయినను కళాశాల యున్నవాడు కవిని పిలుచుట సుఖసాధ్యము. అచటి పాత్ర రిక్తము కాదు. గేటు తనది కానివాని సంగతి నాకు దానికంటె బరువైనదిగా కనబడును.

శుక్రవారము మధ్యాహ్నము ఎడారినుండి వచ్చిన మిత్రుడు గేటు దాటి, గదిలో చాపపై కూర్చుండి, ఫ్రిజ్జువైపు చూచి, “ఏముందిరా తినేకి?” అనును. వీడు హోటలునుండి బిర్యానీ తెప్పింతుననును. డబ్బు పంపవలసిన వారములో అది అప్పు. “నీ బిర్యానీ ఎవునికి కావాల, మీ యమ్మ ఇచ్చిన రాగిపిండి అయిపోయిందా?” అని ఆ మిత్రుడు మూటను తానే విప్పును. అడుగుటలో దుర్వాసునకును కృష్ణునకును భేదము లేదు. ఇరువురును ఆకలియనియే చెప్పిరి. పాత్ర కడిగిన పిదప నింపుమనువాడు ఒకడు, కడిగిన పాత్రలో నేమున్నదో వెదకువాడు మరియొకడు. ఎడారినుండి వచ్చినవానికి స్నేహితుని మూటలో రాగిపిండియు చెనిక్కాయల పొడియు నుండునని తెలియును. ఏలయన తన మూటలోను అవే యుండెను, ముందటి నెలలో అయిపోయినవి. ఆ గదిలో సంగటి కెలుకుటకు తగిన కట్టె లేకపోవుటచే ఇరువురును వంతులవారిగా గరిటె కాడతో కెలుకుదురు.