ఎండిన రొట్టె – మెత్తని హృదయము

ధ్యానభాగములు: యెహెజ్కేలు 36:25, 26, గలతీయులకు 6:1



పౌలు పత్రిక వ్రాసిన గలతీయ సంఘములుండిన ప్రాంతము నేటి టర్కీ దేశములో ఉన్నది. ఆ దేశపు పల్లెలలో స్త్రీలు ‘యూఫ్కా’ అను పలుచని రొట్టె చేయుదురు. పిండి, నీళ్లు, ఉప్పు, ఇంతే. పులిపిండి కలపరు. ముద్దను అరగంట నాననిచ్చి, సన్నని పొడవైన కర్రతో మూరెడు వెడల్పున ఒత్తి, బోర్లించిన మూకుడువలె ఉబ్బెత్తుగానుండు ఇనుప పెనముమీద రెండు మూడు నిమిషములు కాల్చుదురు.

ఇది ఒంటరిగా చేయు పని కాదు. ఒకరు ఉండలు చేయగా, ఒకరు ఒత్తగా, ఒకరు కాల్చుదురు. ఇరుగుపొరుగువారు కూడివచ్చి సాయపడుదురు. ఇట్టి రొట్టెలను చేసి పంచుకొను ఆచారమును యునెస్కో 2016లో టర్కీ, అజర్‌బైజాన్, ఇరాన్, కజకిస్తాన్, కిర్గిజిస్తాన్ దేశముల ఉమ్మడి వారసత్వముగా గుర్తించినది.

శీతకాలమునకు ముందే వీటిని చేసి, దొంతరలుగా పేర్చి దాచుకొందురు. తడి లేనందున నెలల తరబడి చెడవు. అయితే ఎండిన రొట్టెను అట్లే చుట్టబోయిన యెడల పెళపెళ విరుగును. అందుచేత ఇల్లాలు దానిమీద గోరువెచ్చని నీళ్లు చిలకరించి, నూలుగుడ్డ కప్పి, పది పన్నెండు నిమిషములు ఊరకుండును. అప్పుడదే రొట్టె మెత్తబడి, జున్నైనను కూరయైనను లోపల పెట్టి చుట్టుటకు లొంగును. ఆత్రేయపురము పూతరేకులు చుట్టువారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. తడిగుడ్డ తగలనిదే రేకు మడతపడదు గదా!

జాలిగుండె గలవానిని టర్కీవారు ‘యూఫ్కా హృదయము గలవాడు’ అందురు. ఈ మాట మనలను ఆలోచింపజేయవలెను.

పొట్ట చేతబట్టుకొని ఊరుగాని ఊరు వచ్చిన మన పెద్దలు వాక్యమును, పాటలను, తెలుగు ఆరాధనను భద్రపరచి మనకిచ్చిరి. దేవునికి స్తోత్రము! దాచిన రొట్టె చెడలేదు. కాని మనము ఎండిపోలేదా?

మేమే ఒకటి ఒప్పుకొనవలెను. ఒకప్పుడు ప్రార్థన కూడికలో ఒక యౌవనస్థుడు తెలుగు సరిగా రాక, తాను బడిలో నేర్చిన భాషలో ప్రార్థించెను. మేమందరి యెదుట అతనిని గద్దించితిమి. మరుసటి ఆదివారము అతడు రాలేదు. తల్లి మాత్రము వచ్చి వెనుక బల్లమీద తలవంచుకొని కూర్చుండెను. ఎండిన రొట్టెలో కూర చుట్టబోయితిమి. రొట్టె విరిగెను, కూర నేలపాలాయెను.

యెహెజ్కేలు ద్వారా దేవుడు చేసిన వాగ్దానము చూడుడి. ఆయన శుద్ధజలము చల్లి, రాతిగుండెను తీసివేసి, మాంసపు గుండెను ఇచ్చును. చల్లుట అనగానే బాప్తిస్మమును తలంచకుడి. బాప్తిస్మమనగా మునుగుటయే అని మనమెరుగుదుము. అయితే ఒకసారి మునిగి లేచినవారు సహితము ఎండిపోగలరు. తప్పిపోయిన వానిని సాత్వికముతో దారికి తెమ్మని పౌలు గలతీయులకు వ్రాసినప్పుడు, ఆ మాట ఆత్మసంబంధులమని చెప్పుకొనువారికే వ్రాసెను.

గోరువెచ్చని నీళ్లనగా సాత్వికమైన మాట. మరుగుచున్న నీళ్లు కావు. కప్పిన గుడ్డ యనగా ప్రేమ. గలతీయలోను చుట్టుపట్ల దేశములలోను చెదరియున్న పరవాసులకు పేతురు వ్రాయుచు, ప్రేమకు పాపములను కప్పు గుణమున్నదని జ్ఞాపకము చేసెను (1 పేతురు 4:8). మూడవది కనిపెట్టుట. గుడ్డను మాటిమాటికి ఎత్తి చూచుచుండిన రొట్టె మెత్తబడదు.

మేము ఆలస్యముగానైనను ఆ ఇంటికి వెళ్లితిమి. తప్పు మాదేనని ఆ చిన్నవానితో చెప్పితిమి. ఆ తల్లి అన్నము పెట్టగా కలిసి తింటిమి. అతడింకను ఆరాధనకు రాలేదు. ప్రార్థించుచు కనిపెట్టుచున్నాము.

ప్రియులారా, మీ సంఘములో ఎవరి స్థలము ఖాళీగా ఉన్నది? ఈ వారమే ఆ గడప తొక్కుడి. వెళ్లుటకు ముందు మీ గుండెను తడపుమని ప్రభువును వేడుకొనుడి. అట్టి కృప ఆయన మనకందరికి దయచేయును గాక. ఆమేన్.