బాణం గుర్తు వెళ్ళని చోటు

అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో ఆ దేశ వైమానిక దళం వాళ్ళ జాతీయ మ్యూజియం ఉంది. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు. నందిగామలో కూర్చుని చూసేవాళ్ళకు వీసా కూడా అక్కర్లేదు, మొబైల్ డేటా ఉంటే చాలు. వర్చువల్ టూర్ తెరిస్తే పెద్ద పెద్ద షెడ్లు, వాటి నిండా విమానాలు. నేల మీద అక్కడక్కడా బాణం గుర్తులు. ఒకటి నొక్కితే నాలుగడుగులు ముందుకు జరుగుతాం. వేలితో లాగితే తల తిప్పినట్టు చుట్టూ తిరుగుతుంది. జనం ఉండరు, చప్పుడుండదు. ఇంకాసేపు చూడాలనిపిస్తే ‘టైమైంది, బయటికి నడవండి’ అనేవాడు కూడా ఉండడు.

ఆ షెడ్లలో ఒకచోట ‘బాక్స్‌కార్’ ఉంటుంది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద అణుబాంబు వేసిన బి-29 విమానం. 1961లో డేటన్‌కు తీసుకొచ్చి పెట్టారు. శరీరమంతా అద్దంలా మెరుస్తుంటుంది. ముక్కు పక్కన ఒక బొమ్మ ఉంది: రెక్కలున్న రైలు పెట్టె, సాల్ట్ లేక్ నుంచి నాగసాకికి పోతున్నట్టు. పిల్లల పుస్తకంలో బొమ్మలా సరదాగా ఉంటుంది. బాంబు వేసి వచ్చిన తర్వాత గీసిన బొమ్మ అది. విమానం పక్కనే ‘ఫ్యాట్ మ్యాన్’ బాంబు నమూనా, పసుపు రంగులో, గుండ్రంగా. రెండో ప్రపంచ యుద్ధాన్ని ముగించిన విమానం ఇదేనని చెప్పే బోర్డు ఇంకొకటి.

కాక్‌పిట్ లోపలి 360 డిగ్రీల ఫోటో కూడా పెట్టారు. బి-29 ముక్కు మొత్తం గాజు పలకలే. అందరికన్నా ముందు, ఆ గాజు వెనక, బాంబు వదిలేవాడు కూర్చుంటాడు. ఆ రోజు అక్కడ కూర్చున్నతని పేరు కెర్మిట్ బీహాన్. ఆగస్టు 9 అతని పుట్టినరోజు, ఇరవై ఏడు నిండాయి. అసలు వాళ్ళు వెళ్ళింది కొకురా అనే ఊరి మీదికి. మబ్బూ పొగా కమ్మి గురి కనపడలేదు. మూడుసార్లు తిరిగారు. పెట్రోలు తగ్గిపోతుంటే నాగసాకి వైపు మళ్ళారు. అక్కడా మబ్బే, కానీ ఒక సందు దొరికింది. ఆ సంవత్సరం చివరికి నాగసాకిలో చనిపోయినవాళ్ళు దాదాపు 74,000 మంది. కొకురా జనానికి ఆ పూట తమ నెత్తి మీద ఏం తిరిగి వెళ్ళిందో తెలియను కూడా తెలియదు.

ఇవన్నీ తెలిసి ఆ గాజు వెనక కూర్చుంటే, అంటే కూర్చున్నట్టు చూస్తే, కింద ఏముంటుంది? మ్యూజియం నేల. తుడిచిన గచ్చు. అటుపక్క ఇంకో విమానం తోక.

ఇక్కడ చాలామంది చెప్పే మాట ఒకటుంది. తెర మీద చూస్తే అంతేనండీ, వాసన రాదు, బరువు తెలియదు, నిజంగా వెళ్ళి చూస్తే మనసు కదులుతుంది అని. నాకు ఈ మాట మీద పెద్ద నమ్మకం లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కురుసుర ఉంది కదా. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001లో రిటైరై, ఆ మరుసటేడు మ్యూజియం అయిన జలాంతర్గామి. లోపల దూరితే నిజంగానే ఇరుకు తెలుస్తుంది. మనిషి పక్కకు తిరిగి నడవాలి. అంత గొట్టంలో డెబ్బై మందికి పైగా నెలల తరబడి ఎలా బతికారో ఒళ్ళు చెబుతుంది. ఆ మాట వాస్తవం. గైడ్లుగా రిటైరైన నేవీ వాళ్ళే ఉంటారు. నేను వెళ్ళిన రోజు ఒక పిల్లాడు, “అంకుల్, దీంతో ఎన్ని షిప్పులు పేల్చారు?” అన్నాడు. ఆయన నవ్వి, “మేం నిద్రెక్కడ పోయేవాళ్ళమో చూపిస్తా రా బాబూ” అని పడకల వైపు తీసుకెళ్ళాడు. బాణం గుర్తుకు అది చేతకాదు, ఒప్పుకుంటాను. కానీ అదే రోజు మిగతా అందరం ఏం చేశాం? టార్పెడో గొట్టాల దగ్గర సెల్ఫీలు దిగి, బయటికొచ్చి మొక్కజొన్న కంకులు తిన్నాం. ఒళ్ళు అక్కడ ఉన్నంత మాత్రాన మనసుకు బాధ్యత పుట్టదు.

కాబట్టి తేడా తెరకీ ఒంటికీ మధ్య కాదు. యుద్ధ మ్యూజియం ఏ రూపంలో ఉన్నా మనల్ని ఎక్కడ నిలబెడుతుందన్నదే అసలు సంగతి. ఆయుధం పట్టుకున్నవాడు నిలబడిన చోటే నిలబెడుతుంది. ఆయుధం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరిగే పని. ఈ కొసన గురి, ఆ కొసన ఇల్లు. మ్యూజియంకి దొరికేది ఈ కొస ఒక్కటే, ఎందుకంటే ఆ కొస మిగలదు. మిగిలినా ఇంకో దేశంలో, ఇంకొకరి మ్యూజియంలో ఉంటుంది.

రెండు కొసలూ ఒకే చోట పెడదామని ఒకసారి ప్రయత్నించారు. హిరోషిమా మీద బాంబు వేసిన ‘ఎనోలా గే’ విమానాన్ని 1995లో వాషింగ్టన్‌లో ప్రదర్శించబోతూ, దాంతోపాటు జపాన్ నుంచి కొన్ని వస్తువులు తెప్పించాలనుకున్నారు స్మిత్సోనియన్ వాళ్ళు. అందులో బడిపిల్ల టిఫిన్ డబ్బా ఒకటి, లోపల అన్నం బొగ్గయిపోయినది. మాజీ సైనికుల సంఘాలు మండిపడ్డాయి, కాంగ్రెస్ సభ్యులు కలగజేసుకున్నారు. ఆ ప్రదర్శన రద్దయింది, మ్యూజియం డైరెక్టర్ మార్టిన్ హార్విట్ రాజీనామా చేశాడు. చివరికి విమానం ముందు భాగం పెట్టారు, డబ్బా రాలేదు. అంత పెద్ద విమానానికి ఒక టిఫిన్ డబ్బా అడ్డమైంది. మాజీ సైనికులు అన్నదాంట్లో కొట్టిపారేయలేని మాట ఒకటుంది: డబ్బా చూపిస్తే నాన్‌కింగ్‌లో జపాన్ సైన్యం చేసింది కూడా చూపించండి, పెర్ల్ హార్బర్ చూపించండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి అని. అవును, చూపించాలి. అయితే వాళ్ళు ఆ మాటన్నది ఇంకొక గది కట్టించడానికి కాదు, ఉన్న గది మూయించడానికి.

ఇదంతా అమెరికా వాళ్ళ గొడవ, మనకెందుకులే అనుకోవచ్చు. కానీ మా నందిగామ, జగ్గయ్యపేట (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా, మా నోటికింకా కృష్ణా జిల్లానే) ఉన్నది హైదరాబాద్ రోడ్డు మీద. 1948 దాకా జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యం. దాటకపోయినా నిజాం రాజ్యమే ఒక్కోచోట: నందిగామకు ఇవతల పరిటాల, చుట్టూ బ్రిటిష్ జిల్లా ఉండగా మధ్యలో ద్వీపంలా నిజాం ఏలుబడిలో ఉండేది. 1947లో ఆ ఊరివాళ్ళు మేం స్వతంత్రులమని ప్రకటించుకుని ‘పరిటాల రిపబ్లిక్’ నడిపారు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలినప్పుడు ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి వెళ్ళింది. రెండోది బెజవాడ వైపు నుంచి, మేజర్ జనరల్ ఏ.ఏ. రుద్ర నాయకత్వంలో, ఈ రోడ్డు దిక్కున కోదాడ, సూర్యాపేటల మీదికి వెళ్ళింది. ఐదు రోజుల్లో అయిపోయింది. పదాతి దళాలు, ట్యాంకులు, విమానాలు అన్నీ పాల్గొన్న ఆ పనికి పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. మ్యూజియం బోర్డు రాసేవాళ్ళు మనకూ ఉన్నారు.

మా అమ్మమ్మకి అప్పుడు పన్నెండేళ్ళు. జగ్గయ్యపేట పక్క పల్లె. ఆమె చెప్పేది రోడ్డు ఈ పక్క నుంచి చూసిన సంగతి. రజాకార్ల భయంతో అవతలి ఊళ్ళ చుట్టాలు పిల్లాజెల్లాతో వచ్చి ఇంట్లో ఉండటం, రాత్రిళ్ళు దీపం ఆర్పేయడం, ఆ తర్వాత ఒక తెల్లవారుజాము నుంచి లారీలు, లారీలు, దుమ్ము. “మిలట్రీ వాళ్ళొచ్చాక కంటినిండా నిద్రపోయామమ్మా” అనేది. ఆ నిద్ర నిజం. దాన్ని నేనెవర్ని కాదనడానికి.

నందిగామలో మాకు బట్టలు కుట్టే సాయిబు గారు ఒకాయన ఉండేవారు. ఆయన అక్కది నిజాం వైపు కాపురం. ఆ సెప్టెంబర్, అక్టోబర్ గురించి అడిగితే కత్తెర పక్కన పెట్టి, “ఆ సంగతులొద్దు బాబూ, కొలతలివ్వు” అనేవారు. ఎందుకొద్దో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పోలీసు చర్య తర్వాత జరిగింది చూసి రమ్మని ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, చనిపోయినవాళ్ళు, తక్కువలో తక్కువ అంచనాగా, 27,000 నుంచి 40,000 మంది ఉంటారని రాసింది. ఎక్కువ భాగం ముస్లింలు. ఎక్కువ భాగం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు. మా రోడ్డు మీద కాదు. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ మ్యూజియం లైబ్రరీలో 2013లో గానీ జనం చదవడానికి దొరకలేదు. టిఫిన్ డబ్బాలను రానివ్వకపోవడం వాషింగ్టన్‌కే పరిమితం కాదన్నమాట.

ఈ విషయం చెప్పగానే ‘మరి రజాకార్లు చేసింది?’ అంటారు. చేశారు. మా అమ్మమ్మ ఇంట్లో దీపం ఆర్పింది వాళ్ళ వల్లే. కానీ ఆ దీపాన్ని తీసుకెళ్ళి సాయిబు గారి అక్క ఇంటి ఖాతాలో జమ కట్టడం ఎలా కుదురుతుంది? ఆవిడ రజాకారా? నాన్‌కింగ్‌లో చచ్చిపోయినవాళ్ళ బాకీ నాగసాకి బడిపిల్ల తీరుస్తుందా? తూకం వేయడం అని మనం గొప్పగా చెప్పుకునే పని చాలాసార్లు ఇదే: ఒక ఇంటివాళ్ళ చావును ఇంకో ఇంటివాళ్ళ చావుతో కొట్టేయడం.

జగ్గయ్యపేటలో ధనంబోడు మీద పాత బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం, క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దం నాటిదంటారు, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అంటే జగ్గయ్యపేట వాళ్ళమూ మా శిల్పాన్ని ఎక్కువగా తెర మీదే చూస్తాం. రాజు చెయ్యెత్తి ఉంటాడు, పైనుంచి నాణేలు వాన కురుస్తుంటాయి. చుట్టూ ఏడు రత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, సేనాని. బౌద్ధ గ్రంథాల లెక్కలో చక్రవర్తి అంటే కర్రా కత్తీ లేకుండా, ధర్మంతో భూమిని గెలిచేవాడు. చాలా అందమైన ఊహ. మరి గుర్రమూ ఏనుగూ సేనానీ ఎందుకున్నట్టు అని నాకు ఎప్పుడూ సందేహమే. చక్రం దొర్లివచ్చిన దారిలోని ఊళ్ళు ఆ రాతి మీద లేవు. రెండు వేల ఏళ్ళ కిందటి శిల్పి కూడా కెమెరా రాజు పక్కనే పెట్టాడు.

ఇంతకీ చూసేవాడికి ఏమన్నా బాధ్యత ఉందా? విమానం ఇంజిన్ చూసి అబ్బురపడటం తప్పని నేననను. నేనూ పడతాను, గంటలు గంటలు. కాకపోతే వర్చువల్ టూర్‌లో ఒక సదుపాయం ఉంది. ఒళ్ళు ఒకేసారి రెండు ఊళ్ళలో ఉండలేదు, బ్రౌజర్ ఉంటుంది. ఒక ట్యాబ్‌లో డేటన్ ఉండగా ఇంకో ట్యాబ్‌లో నాగసాకి అణుబాంబు మ్యూజియం వస్తువుల ఫోటోలు తెరవచ్చు. అక్కడొక గోడ గడియారం ఉంది, 11:02 దగ్గర ఆగిపోయింది. స్మిత్సోనియన్ డైరెక్టర్ ఉద్యోగం పోగొట్టుకుని కూడా చేయలేనిది, బస్సు కోసం ఎదురుచూస్తూ మనం ఫోన్‌లో చేయొచ్చు. ఏ సంఘమూ అడ్డం రాదు. అలా చూస్తే మంచివాళ్ళమైపోతామని కాదు. రెండో ట్యాబ్ చూసి నిట్టూర్చి మూడోదాంట్లో సినిమా పాట పెట్టుకుంటాం, తెలుసు. అయినా ఒక్క ట్యాబ్‌తో ఆగినవాడికీ ఇతనికీ తేడా ఉంది. విమానాన్ని మెచ్చుకునేటప్పుడు తాను ఏ సీట్లో కూర్చుని మెచ్చుకుంటున్నాడో ఇతనికి తెలుసు.

మా రోడ్డు కథకు మ్యూజియం లేదు. ఇప్పుడది జాతీయ రహదారి 65, లారీలు ఇంకా పోతూనే ఉంటాయి. ఎప్పటికైనా ఎవరైనా 1948 సెప్టెంబర్ మీద వర్చువల్ టూర్ చేస్తే, ఒక జీపు దొరుకుతుంది, తుపాకులు దొరుకుతాయి, రుద్ర గారి ఫోటో దొరుకుతుంది. మా అమ్మమ్మ లేదు గానీ ఆమె మాటలు మా దగ్గరున్నాయి, అడిగితే ఇస్తాం. కెమెరా స్టాండు చిల్లకల్లు దగ్గర పెడితే లారీలు ముందుకు పోతూ కనపడతాయి. కోదాడ దాటాక పెడితే అవే లారీలు మీదికి వస్తూ కనపడతాయి. సాయిబు గారి అక్క ఊరు ఏదో మాకెవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు, మేం కొలతలిచ్చి వచ్చేశాం.