గాదెలోని విత్తు: క్రీడాకారుడి యోగ్యతను నిర్ణయించడం ఎలా?

పదిహేనేళ్ల క్రీడాకారుడి భవిష్యత్తును అంచనా వేయడమంటే ఇంకా లేనిదాని గురించి ఇప్పుడే తీర్పు చెప్పడం. పరుగు వేగాన్ని గడియారం చెబుతుంది, ఎత్తును టేపు చెబుతుంది. పాతికేళ్లకు ఆ పిల్లవాడు ఏమవుతాడో చెప్పే పరికరం మాత్రం ఏదీ లేదు. అయినా ఆ తీర్పు ఏటా వెలువడుతూనే ఉంటుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడిపిల్లలు మండల స్థాయి ఎంపికల నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి వెళ్లే దారిలో ప్రతి మెట్టు దగ్గరా కొందరు మిగులుతారు, కొందరు ఇంటికి తిరిగి వస్తారు. ఫిన్లాండులో మంచు హాకీ ఆడే కుర్రాడికి ఎదురయ్యేదీ ఇదే. ఈ తీర్పుకు ఆధారమేమిటి, దాని హద్దు ఎక్కడ అన్న ప్రశ్న క్రీడల కంటే చాలా పాతది. కార్యం కారణంలో ముందే ఉంటుందా, శక్తి పనిచేయని వేళ కూడా ఉంటుందా అని భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు వాదించుకున్నాయి.

సాంఖ్యులది సత్కార్యవాదం. లేనిది పుట్టదనీ, ఏది పడితే అది దేని నుంచి పడితే దాని నుంచి రాదనీ, శక్తి ఉన్నదే తనకు సాధ్యమైనదాన్ని చేయగలదనీ ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక హేతువులు చూపుతుంది. నువ్వుల్లో నూనె ఉంది కనుకే వస్తుంది, ఇసుకలో లేదు కనుకే రాదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న మన సామెత వెనుక ఉన్నదీ ఈ చూపే. న్యాయ వైశేషికులు దీన్ని ఒప్పుకోలేదు. కుండ మట్టిలో ముందే ఉంటే కుమ్మరి ఎందుకు, సారె ఎందుకని అడిగారు. వారి దృష్టిలో కార్యం అనేక కారణాలు కూడినప్పుడు కొత్తగా ఆరంభమవుతుంది.

ఈ రెండు మాటలూ ఎక్కడెక్కడ పొసగుతాయో హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో చూడవచ్చు. గూడు మార్కెట్టుకు చేరేసరికి అందులోని దారమంతా పురుగు అల్లేసి ఉంటుంది. కొనేవారు గూటి గట్టిదనం, బరువు చూసి కిలో పట్టుకు ఎన్ని కిలోల గూళ్లు పడతాయో లెక్క కడతారు. ఉన్నదాన్ని అంచనా వేయడమే అక్కడి పని కనుక సాంఖ్యుల మాట సరిపోతుంది. పిల్లవాడు గూడు కాడు, ఇంకా చాకీ అనే లేత దశలో ఉన్న పురుగు. జ్వరాలనే నాలుగు పొర విడిచే దశలు దాటాలి, వేళకు లేత మల్బరీ ఆకు అందాలి, గదిలో వేడి, తేమ కుదరాలి, రోగం సోకకూడదు. మంచి జాతి గుడ్డయినా ఆకు అందకపోతే గూడు కట్టదు. ఆకు ఎంత వేసినా జాతి తన పరిమితిని మీరదు. చాకీ పురుగును చూసి గూటి ధర చెప్పబోవడమే యువ క్రీడాకారుల అంచనాలో తరచు జరిగే పొరపాటు.

శక్తి గురించిన వాదం బౌద్ధ తార్కికుల దగ్గర మరింత పదునెక్కింది. గాదెలోని విత్తు మొలకెత్తదు, పొలంలోని విత్తు మొలకెత్తుతుంది. మొలకెత్తించే సామర్థ్యం గాదెలో ఉన్నప్పుడే ఉంటే అక్కడే ఎందుకు మొలకెత్తలేదు? కాబట్టి పనిచేసే క్షణంలోని విత్తుకే సామర్థ్యం ఉందనీ, గాదెలోని విత్తు అసలు వేరే వస్తువనీ ప్రతి వస్తువూ క్షణకాలమే ఉంటుందనే జ్ఞానశ్రీమిత్రుడు, రత్నకీర్తి వంటి క్షణభంగవాదులు వాదించారు. నైయాయికుడైన ఉదయనుడు ఆత్మతత్త్వవివేకంలో దీన్ని ఎదుర్కొన్నాడు. విత్తు అదే, సామర్థ్యమూ అదే. మన్ను, నీరు, వేడి అనే సహకారి కారణాలు లేకపోవడమే ఆలస్యానికి కారణం. గ్రీసులోనూ ఇదే తగవు నడిచింది. ఇల్లు కడుతున్నప్పుడే మేస్త్రీకి కట్టే శక్తి ఉంటుందన్న మెగారా తత్త్వవేత్తల మాటను అరిస్టాటిల్ మెటాఫిజిక్స్ తొమ్మిదో పుస్తకంలో ఖండించాడు. అదే నిజమైతే మేస్త్రీ పని ఆపిన ప్రతిసారీ విద్య పోగొట్టుకుని, తిరిగి మొదలుపెట్టిన ప్రతిసారీ మళ్లీ సంపాదించుకోవాల్సి ఉంటుందని చూపాడు.

ఎంపికల బల్ల దగ్గర ఈ రెండు పక్షాలూ ఇప్పటికీ సజీవంగా ఉన్నాయి. ఈ రోజు మైదానంలో కనబడిందే శక్తి అనేవారు తమకు తెలియకుండానే క్షణభంగవాదులు. నైయాయికులు ఇందుకు అక్కరకొచ్చే ఒక విభజన చేశారు. అడవిలో పడి ఉన్న కర్రకు కుమ్మరి సారెను తిప్పగల అర్హత ఉంది, అది స్వరూపయోగ్యత. కుమ్మరి చేతికి వచ్చి సారెను తిప్పి కుండను పుట్టించినప్పుడు దానికున్నది ఫలోపధాయకత్వం. ఎంపికలో కంటికి కనబడేది రెండోది. తెలుసుకోవాల్సింది మొదటిది. రెండోది లేదు కనుక మొదటిదీ లేదనడం తర్కానికి నిలవదు.

యోగ్యత, సహకారుల తర్వాత మూడో అంశం ప్రతిబంధకం, అంటే అడ్డు. చంద్రకాంత మణి దగ్గరుంటే నిప్పు కాల్చదన్న ఉదాహరణపై మీమాంసకులకూ నైయాయికులకూ పెద్ద చర్చ జరిగింది. శక్తి అనే వేరు పదార్థం ఉందనీ, మణి దాన్ని అణచివేస్తుందనీ మీమాంసకులు అన్నారు. వేరే శక్తి అక్కర్లేదు, అడ్డు లేకపోవడం కూడా కారణాల్లో ఒకటేనని నైయాయికులు అన్నారు. ఫిన్లాండు ఆటగాడు జెస్సీ పుల్యుయార్వి కథ ఈ సూక్ష్మాన్ని స్పష్టం చేస్తుంది. 2016లో హెల్సింకీలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో ఫిన్లాండు స్వర్ణం గెలవగా అతడే అత్యుత్తమ ఆటగాడు. అదే ఏడాది ఉత్తర అమెరికా జాతీయ హాకీ లీగు ఎంపికల్లో ఎడ్మంటన్ జట్టు అతణ్ని నాలుగో స్థానంలో తీసుకుంది. ఆ తర్వాత తుంటి గాయాలు, శస్త్రచికిత్సలు అడ్డుపడ్డాయి. అనుకున్న ఎత్తు అందలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో అతడిలో కనబడిన శక్తి అబద్ధం కాదు. అడ్డు లేకపోవడమనే కారణం లోపించింది.

దీనికి ఎదురు ఉదాహరణ పెక్కా రిన్నె. 2004 ఎంపికల్లో ఈ గోల్‌కీపర్ పేరు 258వ స్థానంలో వచ్చింది. 2018లో లీగులో ఉత్తమ గోల్‌కీపర్‌కు ఇచ్చే వెజీనా ట్రోఫీ అతడికే దక్కింది. అంచనాలు ఎప్పుడూ తప్పుతాయని దీని అర్థం కాదు. 2013లో రెండో స్థానంలో ఎంపికైన అలెగ్జాండర్ బార్కోవ్ 2024లో ఫ్లోరిడా జట్టు నాయకుడిగా, లీగు విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పు అందుకున్నాడు. ముగ్గురి విషయంలోనూ తీర్పు చెప్పినవారు స్వరూపయోగ్యతను చూసే ప్రయత్నమే చేశారు. సహకారులు, ప్రతిబంధకాలు ఆ రోజుకు ఇంకా భవిష్యత్తులోనే ఉన్నాయి.

యోగ్యత అని భ్రమపడేవాటిలో వయసు ముఖ్యమైనది. కెనడా జూనియర్ హాకీలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారు మిగతావారికంటే బాగా ఎక్కువగా ఉన్నారని రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో చూపారు. అక్కడ వయసు లెక్కకు జనవరి 1 గీటు. ఆ గీటు దాటగానే పుట్టినవారు తోటివారికంటే దాదాపు ఏడాది పెద్ద. ఆ ఏడాది బలాన్నే ప్రతిభగా ఎంచి ఎక్కువ శిక్షణ ఇస్తారు, ఆ శిక్షణతో వారు నిజంగానే ముందుకు వెళతారు. ఇక్కడ తీర్పు తానే ఒక కారణమై కూర్చుంది. ‘పనికొస్తాడు’ అన్న మాట సహకారి అవుతుంది. ‘పనికిరాడు’ అన్న మాట ప్రతిబంధకం అవుతుంది. జరగబోయేదాన్ని చెప్పిన తీర్పు దాన్ని జరిగేలా కూడా చేస్తున్నప్పుడు చెప్పేవారి బాధ్యత రెట్టింపవుతుంది.

ఈ విచారణ రాయలసీమ కరువు నేల మీద మరింత బరువెక్కుతుంది. ధర్మవరం నేత ఇళ్లలో పిల్లలు మగ్గం చప్పుడు మధ్య పెరుగుతారు. కండెలు చుడుతూ, పోగు తెగితే అతకడం చూస్తూ పని నేర్చుకుంటారు. పెద్దయ్యాక వారి నేర్పు చూసి అది రక్తంలోనే ఉందంటారు. నిజానికి ఆ బిడ్డకు పుట్టిన నాటి నుంచే సహకారులన్నీ పూర్తిగా అందాయి. మగ్గం ఇంట్లో ఉంది, గురువు ఇంట్లో ఉన్నాడు, సాధనకు రోజంతా ఉంది. అదే బిడ్డకు హాకీ కర్ర, చదునైన మైదానం, చాలినంత తిండి, నేర్పే మనిషి లేకుండా ఒక్క రోజు ఎంపికకు పిలిచి ప్రతిభ లేదనడం గాదెలోని విత్తును నిందించడమే.

సహకారులు చేరితే ఏం జరుగుతుందో ఇదే సీమ చూపింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కాలక్రమంలో క్రీడా అకాడమీని కూడా నిలబెట్టింది. 2010లో రఫేల్ నాదల్ ఫౌండేషన్ అక్కడే టెన్నిస్ పాఠశాల తెరిచింది. అదే అనంతపురం జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. కూలి పని దొరకడమే గగనమైన పల్లెల కోసం పుట్టిన పథకమది. ఆ బండ్లపల్లి అమ్మాయే ఎడమచేతి స్పిన్నర్ బారెడ్డి అనూష. అనంతపురం అకాడమీలో రాటుదేలి 2023 జులైలో బంగ్లాదేశ్‌పై భారత జట్టు తరఫున టీ20లోనూ, వన్డేలోనూ తొలి మ్యాచ్‌లు ఆడింది. బండ్లపల్లిలో యోగ్యత అప్పుడే కొత్తగా పుట్టలేదు, దాన్ని మొలకెత్తించే పొలం దొరికింది. హిందూపురం నుంచి అనంతపురం వంద కిలోమీటర్లకు పైగానే ఉంది. అంత దూరం వెళ్లలేని ఇళ్లలోని పిల్లల యోగ్యత గురించి ఎవరూ నిజాయితీగా తీర్పు చెప్పలేరు, ఎందుకంటే దాన్ని పరీక్షించే పరిస్థితే ఏర్పడలేదు.

మిగిలింది దైవం. ఆడిన పిల్లవాణ్ని చూసి యోగం ఉందనడం, ఆడలేని పిల్లవాణ్ని చూసి నొసటి రాత అనడం వాడుక. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం. క్రీడకు అన్వయిస్తే శరీరం, ఆడే మనిషి, ఇంద్రియాలూ పరికరాలూ, సాధన, ఆ పైన మనిషి చేతిలో లేనిది. దైవం అయిదోది, మిగతా నాలుగూ ఉన్నాకే దాని లెక్క. మైదానం వేయనివారు, బూట్లు ఇవ్వనివారు, పోషణ చూడనివారు తమ లోటును విధి ఖాతాలో వేయడానికి శాస్త్రంలో చోటు లేదు. విధిని నమ్మడం తప్పు కాదు. మనుషులు చేయాల్సినవి చేయకముందే విధిని పిలవడం తప్పు.

కాబట్టి యువ క్రీడాకారుడి అంచనా న్యాయంగా ఉండాలంటే అందులో మూడు ప్రశ్నలు వేరువేరుగా ఉండాలి. ఈ బిడ్డలో స్వరూపయోగ్యత ఎంత? ఇప్పటివరకు అందిన సహకారులు ఏవి, అందనివి ఏవి? అడ్డుగా ఉన్నవి తొలగించగలిగేవా, కాదా? రెండో ప్రశ్నకు జవాబు లేకుండా మొదటిదానికి ఇచ్చే జవాబు ఊహ మాత్రమే. ‘ఉంది’ అనే తీర్పు కొంత గమనింపుతో చెప్పవచ్చు, ఎందుకంటే కనబడిన శక్తికి ప్రత్యక్ష ప్రమాణం ఉంది. ‘లేదు’ అనే తీర్పుకు ప్రమాణం దొరకాలంటే కారణాలన్నీ సమకూర్చి, అడ్డులన్నీ తీసి, తగినంత కాలం ఆగాలి. ఉండి ఉంటే కనబడేదే అన్న స్థితిలోనే కనబడకపోవడం లేమికి సాక్ష్యమవుతుందన్నది మన తార్కికుల నియమం. ఆ స్థితిని కల్పించకుండా ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బిడ్డల్లో ఎవరినీ పనికిరారనే హక్కు ఏ ఎంపికదారుకూ లేదు. ఆ స్థితిని కల్పించడమే ఎంపికకు ముందు సమాజం తీర్చవలసిన బాకీ.